ఇరవయ్యో ఫ్రేము

ఆ ఇంటికి పొద్దున్నే పేపరు వచ్చిందంటే ఎర్ర పెన్సిల్ బయటికి రావాల్సిందే. రిటైరై ఆరేళ్ళయినా ఆయన పేపరు చదవడు, దిద్దుతాడు. వార్తల జోలికి పోడు. ఫొటోలు, వాటి కింద రెండు వరుసల్లో ఉండే క్యాప్షన్లు, అంతే ఆయన లోకం. ముప్పై నాలుగేళ్ళు అదే పేపర్లో ఫొటోగ్రాఫరుగా పనిచేసినవాడు మరి.

"ఇది చూడు. 'వర్షంలో తడుస్తున్న ప్రజలు' అట. తడుస్తున్నారని కళ్ళున్నవాడికి కనపడదా? ఎవరు, ఎక్కడ, ఎందుకు తడవాల్సి వచ్చింది, అది కదా రాయాలి!"

"గొడుగు లేక తడిసుంటారు. ముందు కాఫీ తాగండి, చల్లారితే మళ్ళీ నన్నే లేపుతారు," అంది కుట్టు మిషన్ ముందు కూర్చున్న భార్య.

ఆవిడ బళ్ళో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పే టీచరు. సెలవురోజైనా ఆ మిషనుకి సెలవుండదు. ఇవాళ కూడా యూనిఫాం గౌన్ల అంచులు మడిచి కుడుతోంది. మిషను చప్పుడూ, ఆయన సణుగుడూ పోటీపడుతుంటే ఆ ముందుగదిలో రోజు మొదలైనట్టు లెక్క.

ఆఫీసులో ఆయన్ని అందరూ ఒంటిక్లిక్కు అనేవాళ్ళు. తోటివాళ్ళు రీళ్ళకి రీళ్ళు తగలేసే చోట ఆయన ఒక్కసారి నొక్కి, కెమెరా భుజాన వేసుకుని బయల్దేరేవాడు. ఫిల్ము దగ్గర అంత పిసినారితనం. అది మాటల దగ్గర కూడా ఉందని భార్య ఫిర్యాదు. క్యాప్షన్ల మీద కోపం వస్తే తప్ప ఆయన నోటినుంచి నాలుగు మాటలు వరసగా రావు.

కూతురు తన గదిలోంచి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. రెండేళ్ళుగా అదే పేపర్లో, ఫొటో డెస్కులో పనిచేస్తోంది. మామూలుగా అయితే తండ్రి చేతిలోని పేపరు లాక్కుని, "ఇది నేను రాసిందే, ఏంటి తప్పు?" అని పోట్లాటకి దిగేది. ఇవాళ మాత్రం గోధుమరంగు కవరు ఒళ్ళో పెట్టుకుని, బ్రెడ్డు ముక్క తుంచుతూ కూర్చుంది. తుంచడమే కానీ తినడం లేదు.

"నాన్నా, పుస్తకం ఇవాళ ప్రెస్సుకి వెళ్తోంది."

ఆయన పెన్సిల్ ఆగింది. "నాది ఎన్నో పేజీ?"

ఆరు నెలలుగా అదే ప్రశ్న. పేపరు పెట్టి అరవై ఏళ్ళయిన సందర్భంగా వంద ఫొటోలతో పుస్తకం వేస్తున్నారు. ఆ వందలో ఆయనది ఒకటి. ముప్పై నాలుగేళ్ళ తిరుగుడుకి మిగిలింది ఆ ఒక్క పేజీయే అన్నట్టు ఆయన దానికోసం ఎదురుచూస్తున్నాడు. పైకి చెప్పడు కానీ, ఇంట్లో వాళ్ళకి తెలియనిదేం కాదు.

"పేజీ ఉంటుందో లేదో తెలీదు నాన్నా. మా ఎడిటర్ పెట్టిన రూలు చెప్పాను కదా, పేరు లేని ముఖం పుస్తకంలోకి వెళ్ళదని. ఎంత పాత ఫొటో అయినా సరే, అందులో ఉన్న మనిషి ఎవరో కనుక్కుని, అడిగి, ఒప్పుకుంటేనే వెయ్యాలి. తొంభై తొమ్మిదింటికి దొరికాయి. నీదొక్కటే మిగిలింది. పన్నెండింటిలోపు పేరు పంపకపోతే తీసేస్తారు."

ఆ ఫొటో ఇరవై ఆరేళ్ళ కిందటిది. ఊరి చివర నూలు మిల్లు గోదాములో నిప్పంటుకుని ఇరవై ముగ్గురు పోయారు. మూసిన గేటు బయట వాళ్ళ వాళ్ళందరూ గుమిగూడి ఉన్నారు. అందరికంటే ముందు ఒక ఆడమనిషి రెండు చేతులా ఊచలు పట్టుకుని, వాటి మధ్య నుదురు ఆనించి నిలబడింది. గాలికి చెదిరిన జుట్టు ముఖాన్ని కప్పేసింది. కనపడేది ఒక్క కన్నూ, తెరిచిన నోరూ. మర్నాడు మొదటి పేజీలో పడ్డ ఆ ఫొటోని ఎన్ని పేపర్లు మళ్ళీ వేసుకున్నాయో చెప్పలేం. కింద క్యాప్షన్: 'మిల్లు గేటు వద్ద తనవారి కోసం ఎదురుచూస్తున్న గుర్తు తెలియని మహిళ.'

దానికి ఆయనకి షీల్డు వచ్చింది. ఆ షీల్డు ఆ ఇంట్లో గోడ ఎక్కలేదు. "మన గోడలకి మేకు దిగదండీ," అంది భార్య అప్పట్లో. మిగతా అన్నిటికీ దిగిన మేకు దీనికెందుకు దిగదని ఆయన అడగలేదు. ఆ మంటల్లో పోయిన ఇరవై ముగ్గురిలో ఆవిడ తండ్రి కూడా ఉన్నాడు. ఆ రోజు అమ్మ నిండు మనిషి, ఇంట్లోనే ఉంది, ఆ ఫొటో చూస్తే తాతయ్య గుర్తొస్తాడు, అందుకే షీల్డు బీరువా మీద సూట్‌కేసుల వెనక ఉంది అని కూతురికి చిన్నప్పటినుంచీ చెప్పిన మాట. అందులో అనుమానించడానికి ఏముంది?

"నాన్నా, ఆవిడ పేరు నీకు నిజంగా తెలీదా?"

ఆయన ఎడమ కన్ను మూసుకుంది. ఏళ్ళ తరబడి కుడికంటికి కెమెరా ఆనించిన అలవాటు. ఇరకాటంలో పడ్డప్పుడల్లా ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటుంది.

"ఆ గొడవలో పేరడిగే వీలెక్కడిది? వందలమంది జనం."

"ఫొటో తీసి పేరడక్కుండా వచ్చేవాడు ఫొటోగ్రాఫరే కాదని నాకు నేర్పింది నువ్వే కదా?"

"నేర్పాను. ఆ రోజు కుదర్లేదు. అయినా ఇప్పుడెందుకు తవ్వడం? తీసేయమను. నా ఫొటో లేకపోతే పుస్తకం ఆగిపోతుందా ఏంటి?"

ఆ చివరి మాట సగమే బయటికి వచ్చింది. ఇప్పుడైనా చెప్తాడేమో అని కూతురు చూసింది. చెప్పకపోయేసరికి కవరు విప్పింది.

"నిన్న మా లైబ్రరీలో ఆ రీలు నెగెటివ్‌లు దొరికాయి. అప్పుడు పేపర్లో వేసింది ఇరవై మూడో ఫ్రేము. ఇది దాని ముందుది."

పెద్దది చేయించిన ఫొటో బల్ల మీద పెట్టింది. అదే గేటు, అవే చేతులు. కానీ ఇందులో ఇంకా గాలి వీచలేదు. జుట్టు చెదరలేదు. ముఖం నిండుగా కనపడుతోంది, కళ్ళు సూటిగా కెమెరాలోకి చూస్తున్నాయి. ఇరవై ఆరేళ్ళు చిన్నదైన అమ్మ.

మిషను చప్పుడు ఆగిపోయింది.

"గుర్తు తెలియని మహిళ!" అరిచింది కూతురు. "కట్టుకున్న పెళ్ళాం నాన్నా! నీ పెళ్ళాన్ని పట్టుకుని గుర్తు తెలియని మహిళ అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?"

"లెన్సులోంచి గుర్తుపట్టలేదమ్మా. పొగ... జనం..."

"నీవైపే చూస్తోంది!"

"అరవకు," అంది తల్లి. లేచి వచ్చి, వేళ్ళకంటిన దారాలు దులుపుకుని, ఆ ఫొటోని ఒకసారి చూసి కుర్చీలో కూర్చుంది. "నాన్న నన్ను గుర్తుపట్టారు. నేనూ ఆయన్ని చూశాను. ఈ మాత్రం దానికి నెగెటివ్‌లు వెతకాలా? నన్నడిగితే నేనే చెప్పేదాన్ని."

ఆయన పెన్సిల్ బల్ల మీద పెట్టేశాడు. "నీకు... తెలుసా?"

"ఎందుకు తెలీదండీ? మీరు గేటు లోపల ఉన్నారు, నేను బయట ఉన్నాను. మధ్యలో ఎంత దూరం, ఈ బల్లంత. కెమెరా దించగానే నా దగ్గరికి వస్తారనుకున్నాను. లోపలున్నారు కదా, మా నాన్న సంగతి కనుక్కుని చెప్తారనుకున్నాను. కెమెరా దించారు. అటు తిరిగి వెళ్ళిపోయారు."

"మరి ఇన్నాళ్ళూ ఏమీ అనలేదేంటమ్మా?" కూతురు దాదాపు ఏడుస్తోంది.

"ఏమనను? సాయంత్రం వచ్చి, గుంపులో నిన్ను గుర్తుపట్టలేదే అన్నారు. సరేనన్నాను. నాకప్పుడు ఏడో నెల. మా నాన్న పోయాడు. మిగిలిన ఒక్క మనిషినీ అబద్ధాలకోరని తేల్చుకుని ఎక్కడికి పోను? ఫిల్ము వేళకి ఆఫీసు చేరాలి, ఆయన పనే అంత, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీ పెళ్ళయ్యేలోపు మర్చిపోతాలే అనుకున్నాను. నువ్వా, పెళ్ళి మాటెత్తితే కరుస్తావు."

ఆ మాటకి ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వేవాళ్ళు. ఆవిడ నవ్వబోయి, తనవల్ల కాక, ఫొటో అంచుని వేలితో సరిచేసింది. అంతటి విషయాన్ని అంత మామూలుగా చెప్పడానికి ఆవిడకి ఎన్నేళ్ళు పట్టిందో కూతురికి అర్థమవుతూనే ఉంది.

"ఇంకేమున్నాయి ఆ కవర్లో?"

"కాంటాక్ట్ షీటమ్మా. రీల్లో ఉన్న ఫ్రేములన్నీ చిన్న చిన్నవిగా ఒకే కాగితం మీద ఉంటాయి."

"ఇటివ్వు. ఆ రోజు నేనెలా ఉన్నానో అన్నీ చూస్తాను."

"వద్దు!" ఆయన కుర్చీ వెనక్కి పడేంత విసురుగా లేచాడు. "నువ్వది చూడొద్దు. నాకు పుస్తకం వద్దు, పేజీ వద్దు, ఏమీ వద్దు. షీటు ఇటివ్వమ్మా. నీకు దణ్ణం పెడతాను, ఇటివ్వు."

తండ్రి సిగ్గుతో అలా అంటున్నాడనుకుంది కూతురు. సిగ్గుపడాలి కూడా అనుకుంది. షీటునీ, దాంతోపాటు తెచ్చిన భూతద్దాన్నీ తల్లి ముందుకి జరిపింది. ఆ కోపంలో చేసిన పనికి తర్వాత ఎన్నిసార్లు తనని తాను తిట్టుకుందో ఆ పిల్లకే తెలుసు.

పోస్టల్ స్టాంపులంత బొమ్మలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఒక్కొక్కదాని కింద అంకె. ఆవిడ ఒకటో అంకెనుంచి మొదలుపెట్టింది. కుట్టు తప్పు వెతికేటప్పుడు చూసినంత ఓపిగ్గా, భూతద్దాన్ని ఒక్కో బొమ్మ మీదికి జరుపుతూ చూస్తోంది. పొగ. మంటలార్పే బండి. తడిసిన నూలు బేళ్ళు. గొట్టాలు లాగుతున్న మనుషులు. పద్నాలుగో బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. పొడుగాటి రేకుల షెడ్డు. నేలమీద వరసగా దుప్పట్లు కప్పిన ఆకారాలు.

"షెడ్డు దగ్గరికి ఎవర్నీ పోనివ్వలేదన్నారు కదా మీరు?"

పదిహేను నుంచి పంతొమ్మిది దాకా అదే షెడ్డు, అవే దుప్పట్లు.

"తర్వాతి రెండూ పొరపాటున నొక్కుకున్నట్టున్నాయమ్మా, నేల పడింది," అంది కూతురు. అన్నది కానీ, ఒక్క ఫ్రేము కూడా దుబారా చేయని మనిషి రెండు ఫ్రేములు నేలపాలు చేయడమేంటని నిన్న తనకీ వింతగానే అనిపించింది. పైగా ఆ రీలు ఇరవై నాలుగుతో ఆగిపోయింది. మిగతా పన్నెండూ ఖాళీ.

ఇరవయ్యో బొమ్మలో సిమెంటు నేల వంకరగా పడింది. ఒక మూల దుప్పటి అంచు. అంచు పక్కన ఒక చెప్పు. ఆవిడ భూతద్దాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకుంది. చెప్పు పట్టీకి చుట్టిన తీగ చిన్న చుక్కలా మెరుస్తోంది.

"ఇది మా నాన్న చెప్పు," అంది ఆవిడ. "పట్టీ తెగిపోయింది, కొత్తవి కొనుక్కో నాన్నా అంటే వినకుండా రాగి తీగ చుట్టుకున్నాడు. పట్టుకారుతో నేనే బిగించాను."

భూతద్దం ఇరవై రెండు మీదికి వెళ్ళింది. అక్కడ తన ముఖం ఉంది. మళ్ళీ ఇరవైకి వచ్చింది. మళ్ళీ ఇరవై రెండుకి.

"ఇవి తీసిన వరసలోనే ఉంటాయా?"

"అవునమ్మా."

"తారుమారు అవ్వవా?"

"అవ్వవు. ఫిల్ము ముందుకే తిరుగుతుంది." అలా అంటూండగానే తన మాటకి అర్థమేమిటో కూతురికి తట్టింది.

"అంటే ముందు మా నాన్నని చూశారు," ఆవిడ భర్తవైపు తిరిగింది. "ఆ తర్వాత వచ్చి నా ఫొటో తీశారు. నాన్న ఇప్పుడొస్తాడు, ఇంకాసేపట్లో వస్తాడు, దగ్గుకుంటూ వస్తాడు అని నేను ఆ ఊచలు పట్టుకుని వేలాడుతుంటే, మీకు అప్పటికే తెలుసు."

ఆయన తల దించుకున్నాడు.

"నన్ను వదిలేసి వెళ్ళిపోయినందుకు ఇరవై ఆరేళ్ళు క్షమిస్తూ వచ్చానండీ. ఒక్కసారి క్షమిస్తే సరిపోయేది కాదది. ప్రతిరోజూ మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చేది. కానీ ఇది నాకు తెలీదు. దీన్ని నేను క్షమించలేదు."

ఆవిడ లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మిషను సూది కింద సగం కుట్టిన గౌను అలాగే ఉండిపోయింది.

"నాన్నా, నేను... నాకు తెలీక..." కూతురు అనబోయింది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, నెమ్మదిగా నడిచి వెళ్ళి ఆ తలుపు పక్కన నేలమీద కూలబడ్డాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళు మడవడానికి కూడా కష్టపడే మనిషి, గోడ పట్టుకుని కూర్చున్నాడు.

"తలుపు తియ్యకు," అన్నాడు. "ఇలాగే విను. ఎదురుగా ఉంటే చెప్పలేను."

తలుపు చెక్కకి తల ఆనించి మొదలుపెట్టాడు.

"మంటలార్పేవాళ్ళలో తెలిసినవాడొకడు నన్ను షెడ్డులోకి పంపించాడు. ఆరు ఫొటోలు తీశాను. ఇంకోటి తీద్దామని వంగితే ఆ చెప్పు కనపడింది. కెమెరా చేతిలోనే ఉంది, వేలు ఎప్పుడు పడిందో నాకు తెలీదు. దుప్పటి పక్కకి తీసి చూశాను. పక్కనే కూర్చుండిపోయాను. ఎంతసేపో గుర్తులేదు. లేచి గేటు దగ్గరికి వచ్చింది నీకు చెప్పడానికే. నా మాట నమ్ము, చెప్పడానికే వచ్చాను. నువ్వు నన్ను చూశావు. నన్ను చూడగానే నీ ముఖంలోకి ఎంత ధైర్యం వచ్చిందో నువ్వు చూసుకోలేదు, నేను చూశాను. ఇక నా నోరు పెగల్లేదు. కెమెరా కంటికి పెట్టుకున్నాను. అది కంటికి ఉన్నంతసేపూ నేను నీ మొగుణ్ణి కాదు, ఆయన అల్లుణ్ణి కాదు. ఫొటోగ్రాఫర్ని. ఫొటోగ్రాఫరు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా. ఒకటి నొక్కాను. రెండోది నొక్కాను. మూడోది కూడా నొక్కాక ఇంక అక్కడ నిలబడలేక పారిపోయాను."

అన్ని మాటలు ఆయన ఒకేసారి మాట్లాడగా కూతురు ఎప్పుడూ వినలేదు.

"పారిపోయి?" తలుపు వెనకనుంచి గొంతు వినపడింది.

"ఆఫీసుకి వెళ్ళి డార్క్ రూములో తలుపేసుకున్నాను. ఫిల్ము కడగడం అరగంటలో అయిపోయింది. అయినా బయటికి రాలేదు. ఎవరు తలుపు తట్టినా, లోపల ఫిల్ము ఉంది, వెలుతురు పడకూడదు అనేవాణ్ణి. డార్క్ రూము తలుపు ఎవరూ బలవంతంగా తియ్యరు. సాయంత్రం దాకా అందులోనే ఉన్నాను. నేనొచ్చేసరికి మైకులో పోయినవాళ్ళ పేర్లు చదివేశారు. నీకు మైకు చెప్పింది. నేను చెప్పాల్సింది మైకు చెప్పింది."

"క్యాప్షన్?"

"ఆవిడ ఎవరని డెస్కులో అడిగారు. నా భార్య అంటే, మరి నువ్విక్కడెందుకున్నావని అడుగుతారు. అందుకని తెలీదన్నాను."

గడియారం పదకొండున్నర దాటింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ వచ్చి, నేలమీదే, ఆయనకి ఎదురుగా కూర్చుంది. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"చెప్పడానికే వచ్చానన్నారు కదా. ఇప్పుడు చెప్పండి. నేను గేటు దగ్గరే ఉన్నాననుకోండి."

ఎడమ కన్ను మూసుకోబోతే ఆయన చేత్తో రుద్దుకుని రెండు కళ్ళూ తెరిచి ఆవిడని చూశాడు.

"మామయ్య పోయారే."

"మీరు చూశారా?"

"చూశాను."

ఆవిడ అడగడానికి భయపడుతూ, అడక్కుండా ఉండలేక, చిన్నపిల్లలా ఆయన చెయ్యి పట్టుకుంది. "ముఖం బాగా కాలిపోయిందా?"

"కాలడమేంటి?" ఆయన తెల్లబోయాడు.

"నన్ను చూడనివ్వలేదుగా. కడుపుతో ఉన్నదానివి వద్దన్నారు పెద్దవాళ్ళు. చుట్టేసి తెచ్చారు, అలాగే తీసుకుపోయారు. అంటే చూడలేనట్టు కాలిపోయి ఉంటుంది అనుకున్నాను. నాన్న ముఖం గుర్తుచేసుకుందామని కళ్ళు మూసుకుంటే చాలు, కాలిన ముఖమే వచ్చేది. భయమేసి గుర్తుచేసుకోవడమే మానేశాను."

ఇంతకాలం ఆయన తన పిరికితనం ఒక్కటే తన తప్పనుకున్నాడు. ఆ రోజు చెప్పలేకపోవడం ఒక తప్పు. షెడ్డులోకి వెళ్ళలేదని ఒక అబద్ధమాడి, ఆ అబద్ధం బయటపడకూడదని, చూసింది కూడా చెప్పకుండా నోరు కుట్టేసుకోవడం దానికి వంద రెట్ల తప్పు. తన దగ్గర ఊరికే పడి ఉన్న ఒక్క మాటకోసం, పక్కనే పడుకునే మనిషి ఇన్నేళ్ళు అల్లాడిపోయింది. ఆ మాట ఇంత విలువైనదని ఆయనకి తట్టనేలేదు.

"లేదే! ఎక్కడా కాలలేదు!" ఆయన ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "ఒక్క మచ్చ లేదు. పొగకి పోయారు. మంట ఆయన దాకా రాలేదు. ముఖం శుభ్రంగా ఉంది. పనినుంచి వచ్చేటప్పుడు ఉండేవారు చూడు, కనుబొమ్మల మీద దూది పీచు అంటుకుని, అలాగే ఉంది. నేనే తుడిచాను. ఇదిగో, ఈ చేత్తోనే. చొక్కా పై గుండీ ఊడి ఉంటే పెట్టాను. కళ్ళజోడు జేబులో ఉంది."

"జేబులోనా?"

"జేబులోనే. మడిచి పెట్టుకున్నారు. పగలలేదు."

"కునుకు తీసేముందు అలాగే పెట్టుకునేవాడు," అంది ఆవిడ. "మధ్యాహ్నం అన్నం తిన్నాక కాసేపు పడుకునేవాడు. అప్పుడు తీసి జేబులో..."

మాట అక్కడే తెగిపోయింది. ఏడుపు వచ్చేసింది. మైకులో పేరు విన్నప్పుడు గొంతులో అడ్డుపడి అక్కడే ఆగిపోయిన ఏడుపు అది. ఆయన గుండెల మీద పిడికిళ్ళతో కొట్టింది, "ముందే ఎందుకు చెప్పలేదండీ, ఈ ఒక్క మాట ముందే ఎందుకు చెప్పలేదు," అని మళ్ళీ మళ్ళీ అడిగింది. కొడుతూ కొడుతూనే ఆ గుండెల మీదే తల పెట్టేసింది. ఆయన కదలకుండా కొట్టించుకుని, తర్వాత ఆ తల మీద గడ్డం ఆనించి, దూది పీచు గురించీ, గుండీ గురించీ మొదటినుంచి మళ్ళీ చెప్పాడు. ఆవిడ అడిగినన్నిసార్లు చెప్పాడు.

కూతురు గోడకి ఆనుకుని నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తను ఎన్నడూ చూడని తాతయ్య ముఖం మొదటిసారి తనకి కూడా కనపడింది. ఏ ఫొటోలోనూ లేని ముఖం.

ఫోను మోగింది. ఎడిటర్.

"ఏమ్మా, పేరు దొరికిందా? పేజీలు మూసేస్తున్నాం. లేదంటే తీసేసి వేరేది పెడతాను."

కూతురు తల్లివైపు చూసింది. "తీసేయండి సార్" అనబోతుంటే తల్లి చెయ్యెత్తి ఆపింది.

"వెయ్యమను."

"అవసరం లేదే," అన్నాడు ఆయన గాభరాగా. "నాకా ఫొటో వద్దు. నిజంగా వద్దు."

"మీకోసం కాదు లెండి." ఆవిడ ముక్కు తుడుచుకుని కూతురికేసి తిరిగింది. "ఐదు నిమిషాలు ఆగమని చెప్పి, రాసుకో. నా పేరు పూర్తిగా రాయి, ఇంటిపేరుతో సహా. గుర్తు తెలియని అన్న ముక్క కొట్టెయ్యి. 'తన తండ్రి బతికే ఉన్నాడనుకుంటున్న కూతురు' అని రాయి. ఆ ఫొటోలో ఉన్నంతసేపు నాకు నాన్న ఉన్నాడు. ఆ తర్వాత లేడు. దాన్ని ఉండనీ."

కూతురు ఫోనులో ఆ మాటలు టైపు చేసింది. రాయడం అయ్యాక అడిగింది. "ఫొటో తీసినవాళ్ళ పేరు కూడా వెయ్యాలమ్మా. మామూలుగా వేసినట్టే వెయ్యనా?"

నేలమీద తల దించుకుని కూర్చున్న మనిషిని, ఆయన ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్న కుడిచేతిని ఆవిడ చూసింది. చివరికి ఆ చేతిని అందుకుని, తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"ఆయన పేరు రాసి, పక్కన 'అల్లుడు' అని రాయి," అంది.

ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు ఆయన ఏడుపు వినలేదు. ఆవిడ ఆ చెయ్యి వదల్లేదు. కూతురు రాసినదాన్ని ఒకసారి మొదటినుంచి చదువుకుని, తప్పులేమీ లేవని చూసుకుని, ఆఫీసుకి పంపించింది.